వాళ్ళ చేతిలో పైసా నిలవదట!



మా మామూజాద్ తమ్ముడొకడు షికాగోలో ఉంటాడు. ఇల్లు డెవాన్ అవెన్యూ దగ్గర, అంటే మన హైదరాబాదీల అడ్డా. నౌకరీ మాత్రం సౌత్ సైడ్‌లో, ఒక అరబ్ సేటు దుకాణంలో. బ్రెడ్డు, చిప్సు, సిగరెట్లు, లాటరీ టికెట్లు అమ్మే చిన్న దుకాణం. గిరాకీ మొత్తం నల్లజాతి వాళ్ళే. పోయిన రంజాన్‌లో ఫోన్ చేసి ఆ మాటా ఈ మాటా మాట్లాడుతూ ఇలా అన్నాడు: "ఈళ్ళ చేతుల పైసా నిల్వదు ఆపా. జీతం అచ్చిన దినం బూట్లు, బండి, బంగారం. బ్యాంకుల సున్నా."

వాడు చెడ్డవాడు కాదు. కౌంటర్ వెనక నిలబడి పొద్దంతా కళ్ళతో చూసిందే చెప్పాడు. కానీ నాకు ఆ మాట ఎక్కడో విన్నట్టే అనిపించింది. ఎక్కడో ఏంటి, మా ఊరి బజార్లోనే! "సాయిబులు ఇయ్యాల సంపాదించింది ఇయ్యాలనే తింటరు. బిర్యానీకి, అత్తరుకు పోంగ ఏం మిగుల్తది?" ఈ మాట మనలో విననివాళ్ళుంటే చేతులెత్తండి. ఈద్ బట్టల కోసం ఖర్జ్ తెచ్చుకునే మన ఇళ్ళను చూసి నవ్వినవాళ్ళు నాకు పేరు పేరునా గుర్తున్నారు.

అందుకే వాడితో బహస్‌కి దిగకుండా ముందు చదవడం మొదలుపెట్టాను. మూడు నెలలుగా అదే పని.

ముందుగా తమ్ముడి మాటలో నిజమెంతో చూద్దాం. 2009లో కెర్విన్ చార్ల్స్, ఎరిక్ హర్స్ట్, నికొలాయ్ రుసానోవ్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు దీన్నే లెక్కకట్టారు. ఒకే ఆమ్దనీ ఉన్న తెల్ల కుటుంబాన్ని, నల్ల కుటుంబాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే బట్టలు, నగలు, కార్లు, అంటే నలుగురి కళ్ళకు కనిపించే సామాను మీద నల్ల కుటుంబం పాతిక నుంచి ముప్పై శాతం దాకా ఎక్కువ ఖర్చు పెడుతోందని తేలింది. ఇంతవరకు చదివితే మా తమ్ముడు కాలర్ ఎగరేస్తాడు.

కానీ వాళ్ళు అక్కడ ఆగలేదు. ఎందుకు అని అడిగారు. తన తోటివాళ్ళంతా గరీబులుగా ఉన్నచోట ఏ రంగు మనిషైనా ఇలాగే ఖర్చు పెడతాడని జవాబొచ్చింది. తెల్లవాళ్ళ ఆమ్దనీ తక్కువగా ఉన్న రాష్ట్రాల్లో తెల్లవాళ్ళదీ అదే వరస. ఆ సంగతి లెక్కలోకి తీసుకుంటే రంగుల మధ్య తేడా చాలామటుకు మాయమైపోయింది. కారణం సాదాగానే ఉంది. ఎదుటివాడు మనల్ని చూడగానే "వీడి దగ్గర ఏం లేదు" అనుకుంటాడని తెలిసినప్పుడు, కాదని చెప్పే సబూత్ ఒంటి మీదే మోసుకు తిరగాలి.

ఈ ముక్క నాకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. మా అబ్బాకి మంచి చొక్కా ఒక్కటే ఉండేది. తహశీల్ ఆఫీసుకు పోయే రోజు అమ్మీ దాన్ని బొగ్గుల ఇస్త్రీపెట్టెతో రెండుసార్లు రుద్దేది. ఆ చొక్కా లేకుండా పోతే ఆయన్ని గుమ్మం బయటే నిలబెట్టేవాళ్ళు. ఇప్పుడు చెప్పండి, ఆ చొక్కా ఫజూల్ ఖర్చా?

ఇక రెండో సంగతి. నల్లజాతి వాళ్ళ ఖర్చు గురించి ఎవరు మాట్లాడినా ఒక పెద్ద అంకె చెబుతారు. జార్జియా యూనివర్సిటీలోని సెలిగ్ సెంటర్ లెక్క ప్రకారం 2020లో వాళ్ళ "కొనుగోలు శక్తి" 1.6 లక్షల కోట్ల డాలర్లు. ఇంత పైసా చేతిలో ఉండి కూడా బాగుపడలేదేంటి అని దాని వెంటే ఒక ఎత్తిపొడుపు. ఆ అంకె అసలేంటో చూడండి. పన్నులు పోగా అందరి చేతికీ వచ్చిన జీతాల మొత్తం అది. అద్దెలు, కరెంటు బిల్లులు, పిల్లల మందులు అన్నీ అందులోంచే పోవాలి. ఎక్కడో ఒక తిజోరీలో పోగేసి ఉన్న సొమ్ము కాదది. ఇంకో మాట కూడా బాగా తిరుగుతోంది: నల్లవాళ్ళ బస్తీలో డాలర్ ఆరు గంటలే నిలుస్తుందని. దాని వెనక పరిశోధన ఏదీ లేదు. జారెడ్ బాల్ అనే ప్రొఫెసర్ ఈ కొనుగోలు శక్తి కథల మీద 2020లో ఏకంగా ఒక పుస్తకమే రాశాడు.

ఆమ్దనీ వేరు, జాయిదాద్ వేరు. మన పెద్దలకు ఇది బాగా తెలుసు. జీతం నెలాఖరుకి అయిపోతుంది. జాయిదాద్ మనం పోయాక కూడా మన పిల్లలకు ఫీజు కడుతుంది. అమెరికా ఫెడరల్ రిజర్వ్ 2022 సర్వేలో, సరిగ్గా మధ్యలో ఉండే తెల్ల కుటుంబం జాయిదాద్ 2,85,000 డాలర్లు. మధ్యలో ఉండే నల్ల కుటుంబానిది 44,900. ఆమ్దనీలో తేడా ఇంత లేదు, నల్ల కుటుంబం సంపాదన తెల్ల కుటుంబం సంపాదనలో సగానికి పైనే ఉంటుంది. జాయిదాద్‌కి వచ్చేసరికే ఆరో వంతుకు పడిపోతోంది.

నేను కాగితం పెన్సిల్ తీసుకుని కూర్చున్నాను. తేడా 2,40,100 డాలర్లు. మా తమ్ముడు చెప్పిన ఖరీదైన బూట్లు జత 200 డాలర్లు అనుకుందాం. ఆ తేడా బూట్ల వల్లే వచ్చిందంటే ఒక్కో ఇంట్లో పన్నెండు వందల జతలు ఉండాలి. ఆ ఇళ్ళలో మనుషులు ఎక్కడ పడుకుంటారు?

మరి పైసా ఎక్కడికి పోయింది? కొందరు నిజంగానే దాచుకున్నారు. ఆ దాచుకున్నవాళ్ళ కథే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

1865 మార్చి 3న అబ్రహం లింకన్ ఒక చట్టం మీద దస్తఖత్ చేశాడు. గులామీ నుంచి అప్పుడే బయటపడుతున్నవాళ్ళ కోసం ఫ్రీడ్‌మన్స్ సేవింగ్స్ బ్యాంక్ పుట్టింది. సైన్యంలో పనిచేసిన నల్ల సిపాయిలు జీతం అందులో వేశారు. బట్టలుతికే ఆడవాళ్ళు, కూలీలు, వంటవాళ్ళు చిల్లర తెచ్చి జమ చేశారు. పసిపిల్లల పేరు మీద కూడా ఖాతాలు తెరిచారు. జిందగీలో మొదటిసారి తమ మెహనత్ పైసా తమ పేరు మీద! ఇది సర్కారు బ్యాంకే, పోయేది లేదు అని వాళ్ళకు నమ్మకం. మొదట్లో ఆ పైసా సర్కారు బాండ్లలో పెట్టాలని రూల్ ఉండేది. 1870లో ఆ రూల్ సడలించారు. పెత్తనం చేసే తెల్ల పెద్దమనుషులు, అందులో హెన్రీ కుక్ అనే ఫైనాన్స్ కమిటీ పెద్ద ఒకడు, ఆ పైసాను తమ దోస్తులకూ వాషింగ్టన్ వ్యాపారాలకూ అప్పులిచ్చేశారు. 1873లో మార్కెట్ కుప్పకూలింది. మునిగిపోతున్న పడవకి నల్లవాళ్ళలో అందరికంటే ఇజ్జత్ ఉన్న ఫ్రెడరిక్ డగ్లస్‌ని 1874 మార్చిలో ప్రెసిడెంట్ చేశారు. లోపలి సంగతి తెలియని ఆ పెద్దాయన తన సొంత పదివేల డాలర్లు కూడా అందులో పెట్టాడు. జూన్ ఆఖరుకి బ్యాంకు మూతపడింది.

61,000 మంది ఖాతాదారులు. దాదాపు 30 లక్షల డాలర్లు. కొందరికి ఏళ్ళ తర్వాత సగమో పావో వచ్చింది. చాలామందికి ఏమీ రాలేదు. డాలర్ల కంటే పెద్ద నష్టం ఏంటంటే పొదుపు మీద ఉన్న భరోసా పోవడమే అని డబ్ల్యూ. ఈ. బి. డుబాయిస్ తర్వాత బాధపడ్డాడు. 2016లో అమెరికా ఖజానా శాఖ తన అనెక్స్ భవనానికి ఆ బ్యాంకు పేరు పెట్టింది. గోడకు పేరైతే పెట్టారు సరే.

"బ్యాంకుల సున్నా" అనే ముందు ఈ హిసాబ్ కూడా తెలియాలి కదా?

అయినా మళ్ళీ దాచుకున్నారు, చూడండి వాళ్ళ హిమ్మత్! వర్జీనియాలోని రిచ్‌మండ్‌లో మ్యాగీ లీనా వాకర్ అనే ఆవిడ 1903లో సెయింట్ లూక్ పెన్నీ సేవింగ్స్ బ్యాంక్ తెరిచింది. అమెరికాలో బ్యాంకు పెట్టిన మొదటి నల్ల మహిళ. ఆమె అమ్మ ఇంటింటి బట్టలు ఉతికేది, చిన్నప్పుడు ఆ మూటలు మోసిన పిల్లే మ్యాగీ. బ్యాంకు పేరులోనే పెన్నీ ఉంది, అంటే మన లెక్కన పైసా. పైసా పైసా కూడబెట్టి డాలర్ చేద్దాం అన్నది ఆవిడ తరీఖా. 1905లో ఒక పెద్ద బట్టల దుకాణం కూడా తెరిచింది, నల్ల అమ్మాయిలకు కౌంటర్ మీద నౌకరీలిచ్చింది. తెల్ల వ్యాపారులు పగబట్టారు, ఆ దుకాణం కొన్నేళ్ళకే మూతపడింది. బ్యాంకు మాత్రం 1930 నాటి మాంద్యంలో కూడా మరో రెండు బ్యాంకులతో కలిసి బతికి బయటపడింది.

మ్యాగీ వాకర్ గురించి చదువుతుంటే నాకు అమ్మీ చిట్టీ గుర్తొచ్చింది. గల్లీలో పన్నెండు మంది ఆడవాళ్ళు, నెలకు ఇంత అని వేసుకుని, చీటీ ఎత్తి ఒకరికి ఇచ్చేవాళ్ళు. సూద్ లేదు, కాగితం లేదు, జబాన్ ఒక్కటే. కరేబియన్ దీవుల నుంచి అమెరికా వెళ్ళిన నల్లవాళ్ళు ఇదే పద్ధతిని 'సూసూ' అంటారు. పశ్చిమాఫ్రికాలోని యొరుబా వాళ్ళ మాట నుంచి వచ్చిందట ఆ పేరు. బ్యాంకు గడప తొక్కనివ్వని జనం దునియాలో ఎక్కడున్నా ఇలాంటి చిట్టీ ఒకటి కనిపెట్టుకుంటారేమో.

కొన్నిచోట్ల చిట్టీ స్థాయి దాటి పెద్ద బస్తీలే లేచాయి. ఓక్లహోమాలోని టల్సాలో గ్రీన్‌వుడ్ అలాంటిదే. సొంత హోటళ్ళు, సినిమా హాలు, డాక్టర్లు, వకీళ్ళు, పత్రికలు. 1921 మే 31, జూన్ 1 తేదీల్లో తెల్ల గుంపులు దాన్ని తగలబెట్టాయి. 35 వీధి బ్లాకులు, పన్నెండు వందలకు పైగా ఇళ్ళు. తర్వాత ఇన్సూరెన్స్ కంపెనీలు 'ఫసాద్‌లో కాలితే మేం కట్టం' అన్నాయి. ఫసాద్ తర్వాత కాలిన దుకాణం ముందు కాగితాలు పట్టుకుని నిలబడటం అంటే ఏంటో మన వాళ్ళకు చెప్పాల్సిన పనిలేదు, ముందుకు పోదాం.

నిజానికి గుంపుల కంటే మెల్లగా, ఎక్కువ పని చేసింది కాగితమే. అమెరికాలో మామూలు మనిషి జాయిదాద్ అంటే ఎక్కువగా ఇల్లే. 1930ల్లో సర్కారు సంస్థ ఒకటి ఊళ్ళకు నక్షాలు గీయించింది, ఏ బస్తీలో ఇంటి అప్పు భద్రం, ఏ బస్తీలో కాదు అని. నల్లవాళ్ళున్న బస్తీలకు ఎర్ర రంగు వేశారు. 1934లో వచ్చిన ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ కూడా అలాంటిచోట అప్పులకు జమానత్ ఇవ్వలేదు. రెండో ప్రపంచ యుద్ధం నుంచి వచ్చిన సిపాయిలకు 1944 చట్టం కింద సర్కారు పూచీతో ఇల్లు, దుకాణం, పొలం అప్పులిచ్చారు. మిసిసిపీ రాష్ట్రంలో 1947లో అలాంటివి 3,229 ఇస్తే నల్ల సిపాయిలకు అందినవి ఎన్నో తెలుసా? రెండు.

మన దగ్గర 2006 సచార్ కమిటీ రిపోర్టులో ఒక మాట ఉంటుంది. కొన్ని బ్యాంకులు ముస్లింలు ఎక్కువగా ఉండే ఇలాకాలను 'నెగెటివ్ జాగ్రఫికల్ జోన్లు' అని గుర్తు పెట్టుకున్నాయని, అక్కడ అప్పులు సులువుగా పుట్టవని. మా పెద్ద భాయ్ ఆటో అప్పు కోసం ఒక బ్యాంకుకు పోతే, కాగితాలన్నీ చూసిన ఆఫీసరు అడ్రస్ దగ్గర ఆగి, "అక్కడికి మా వసూలు వాళ్ళు రారు" అన్నాడు. భాయ్ ప్రైవేట్ ఫైనాన్స్‌లో తీసుకున్నాడు. సూద్ రెట్టింపు. ఆ తేడా పైసాతో ఇంకో సెకండ్ హ్యాండ్ ఆటో వచ్చేది. ఆయన బిర్యానీ తిని పోగొట్టుకోలేదు దాన్ని.

మా తమ్ముడుండే షికాగోలోనే నార్త్ లాన్‌డేల్ అనే బస్తీ ఉంది. బ్యాంకు అప్పు దొరకని నల్ల కుటుంబాలకు అక్కడ దళారులు ఇళ్ళు 'కాంట్రాక్టు' మీద అమ్మారు. అసలు ధరకు ఎన్నో రెట్లు చెప్పేవాళ్ళు. ఆఖరి కిస్తీ కట్టేదాకా ఇల్లు దళారి పేరు మీదే. మధ్యలో ఒక్క కిస్తీ తప్పితే కట్టిందంతా పాయె, మనుషులు రోడ్డు మీదికి. మళ్ళీ అదే ఇల్లు ఇంకొకరికి. 1968లో ఆ కుటుంబాలు ఒక లీగ్ కట్టి, కిస్తీలు ఆపేసి కొట్లాడాయి. అదే ఏడు ఫెయిర్ హౌసింగ్ చట్టం వచ్చింది. అప్పటికి తెల్ల కుటుంబాల్లో ఒక తరం ఇళ్ళు కొనుక్కుని, వాటి విలువ పెరిగి, పిల్లల్ని కాలేజీలకు పంపేసింది.

సూద్ సంగతి కూడా ఒక ముక్క చెప్పాలి. బ్యాంకులు లేని బస్తీల్లో 'పేడే' అప్పు దుకాణాలుంటాయి. వంద డాలర్లకు రెండు వారాలకు పదిహేను డాలర్లు. చిన్నదిగా కనిపిస్తుంది. ఏడాదికి లెక్కేస్తే దాదాపు 400 శాతం! మన బస్తీల్లో పొద్దున్నే బైక్ మీద వచ్చే డైలీ ఫైనాన్స్ వాళ్ళ కజిన్ అన్నమాట.

ఇంత రాశానని, ఖర్చు సంగతి ఊసే ఎత్తొద్దని నేననను. ఆ మాట వాళ్ళలోనే గట్టిగా చెప్పినవాళ్ళున్నారు. 1930ల్లో షికాగో, హార్లెం, వాషింగ్టన్‌లలో 'మీకు నౌకరీ ఇవ్వని చోట కొనకండి' అని దుకాణాల ముందు నిలబడ్డారు. మాంట్‌గొమరీలో 1955 డిసెంబర్ నుంచి 381 రోజులు బస్సెక్కకుండా నడిచారు. మార్టిన్ లూథర్ కింగ్ చనిపోయే ముందు రోజు, 1968 ఏప్రిల్ 3న, మెంఫిస్‌లో చేసిన తఖ్రీర్ తలుచుకుంటే మనకు కొండ శిఖరం మాటలే గుర్తొస్తాయి. అదే తఖ్రీర్‌లో ఆయన, మీ పైసా పెద్ద బ్యాంకుల నుంచి తీసి మన ట్రై స్టేట్ బ్యాంకులో వేయండి అని కూడా చెప్పాడు.

మాల్కం ఎక్స్‌ని మనకు తెచ్చిన నేషన్ ఆఫ్ ఇస్లాంది కూడా ఇదే బాట. వాళ్ళ అఖీదా మన అఖీదా కాదు, అది వేరే బహస్. కానీ ఎలైజా ముహమ్మద్ శరాబ్, సిగరెట్, జూదం మాన్పించేసరికి ఇంట్లో మిగిలిన పైసాతో వాళ్ళు బేకరీలు, హోటళ్ళు, పొలాలు నడిపారు. పెరూ దేశం నుంచి చేపలు తెప్పించి వీధి వీధి తిరిగి అమ్మారు. 1975లో ఆయన పోయాక కొడుకు వారిత్ దీన్ ముహమ్మద్ చాలామందిని సున్నీ ఇస్లాంలోకి నడిపించాడు.

ఇక్కడ నేను మా తమ్ముణ్ణి ఒక సవాల్ అడిగాను. ఆ బస్తీ డాలరు బయటికి పోయే దర్వాజాల్లో మీ సేటు గల్లా ఒకటి కాదా? బ్రెడ్డు ధర శివారు మాల్‌లో కంటే ఎక్కువ, తాజా కూరగాయలు లేవు, లాటరీ టికెట్లు మాత్రం ఎన్నైనా. సాయంత్రం గల్లా లెక్కపెట్టుకుని సేటు తన శివారు బంగళాకు పోతాడు. అక్కడి నల్ల ముస్లింలే ఈ మాట అరబ్బులనూ మనవాళ్ళనూ మొహం మీద అడుగుతున్నారు. షికాగోలో 1997 నుంచి పనిచేస్తున్న ఇన్నర్ సిటీ ముస్లిం యాక్షన్ నెట్‌వర్క్ ఇలాంటి దుకాణాలను మార్చే పని ప్రత్యేకంగా పెట్టుకుంది. తమ్ముడు కాసేపు చుప్. తర్వాత, "నేను నౌకర్ని ఆపా, సేటుకు నేనేం చెప్త?" అన్నాడు. అదీ నిజమే.

ఒసియోలా మెకార్టీ గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. మిసిసిపీలోని హ్యాటీస్‌బర్గ్‌లో ఉండేది. ఆరో తరగతిలో చదువు ఆపేసి జిందగీ అంతా పరాయివాళ్ళ బట్టలు ఉతికింది. కారు కొనలేదు, ఎక్కడికైనా నడకే. ముసలితనంలో బ్యాంకువాళ్ళు ఆవిడ ముందు పది డైమ్ నాణేలు పెట్టి, మీ జాయిదాద్ ఎలా పంచాలో చూపించమన్నారు. ఒకటి చర్చికి, ముగ్గురు బంధువులకు తలొకటి, మిగిలిన ఆరు సదరన్ మిసిసిపీ యూనివర్సిటీకి. ఆ ఆరు నాణేల విలువ 1,50,000 డాలర్లు. 1995లో ఈ ఖబర్ దునియా అంతా పాకింది. అందరూ ఆవిడ పొదుపును మెచ్చుకున్నారు, మెచ్చుకోవాల్సిందే. అయితే అదే యూనివర్సిటీ 1965 దాకా నల్ల పిల్లల్ని చేర్చుకోలేదు. 1950ల్లో సీటు అడిగిన క్లైడ్ కెన్నార్డ్ అనే యువకుణ్ణి కోళ్ళ దాణా దొంగతనం అనే ఝూటా కేసులో ఏడేళ్ళ జైలుకు పంపారు. 1963లో అతను క్యాన్సర్‌తో పోయాడు. పొదుపు మీద బయాన్ చేసేవాళ్ళు ఆ ముసలమ్మ కథ చెప్పేటప్పుడు ఈ అబ్బాయి కథ కూడా చెబితే బాగుంటుంది.

ఇన్ని చదివాక నేను మన ఇళ్ళకు పనికొస్తుందని రాసిపెట్టుకున్న సంగతి ఒకటుంది. 1910 నాటికి నల్ల రైతుల చేతిలో కోటిన్నర ఎకరాల దాకా జమీన్ ఉండేది. తర్వాత అందులో చాలా భాగం పోయింది. దానికి ఒక దారి విరాసత్. వీలునామా రాయకుండా తాత పోతాడు, జమీన్ పిల్లలందరిదీ ఉమ్మడిగా ఉండిపోతుంది. రెండు తరాలకు వారసులు ముప్పై మంది. ఎక్కడో దూరంగా ఉన్న ఒకరి హిస్సా ఓ వ్యాపారి కొంటాడు, కోర్టుకెళ్ళి మొత్తం అమ్మించమంటాడు, వేలంలో తనే చవగ్గా పాడుకుంటాడు. దీన్ని ఆపడానికి 2010లో ఒక నమూనా చట్టం రాశారు, ఇప్పుడు ఇరవైకి పైగా రాష్ట్రాలు దాన్ని తెచ్చుకున్నాయి.

మన దగ్గర మీరాస్ హిస్సాలు సాఫ్‌గా రాసే ఉన్నాయి. కానీ పాత బస్తీల్లో ఎన్ని ఇళ్ళు ఇంకా దాదా పేరు మీదే ఉన్నాయో మీ చుట్టూ చూడండి. మాది కూడా అంతే. పదకొండు మంది వారసులం, ఇద్దరు దుబాయ్‌లో, ఒకరు జిద్దాలో. వచ్చే ఆదివారం జొహర్ తర్వాత పెద్ద చిచ్చా ఇంట్లో కూర్చుంటున్నాం. ఫుప్పూలను కూడా పిలిచాం, వాళ్ళ హిస్సా మాట ముందే తేలాలి. ఇంటి పన్ను రసీదులు, దాదా డెత్ సర్టిఫికెట్, అసలు దస్తావేజు ఎవరి దగ్గరుంటే వాళ్ళు తెమ్మని అందరికీ మెసేజ్ పెట్టాను. దస్తావేజు ఎవరి పెట్టెలో ఉందో ఇంకా తేలలేదు.